మెహ్రినిసో గొలుసుపాట

సవ్రీ ఖోలా డోయ్‌రాను కుంపటి సెగ మీద కాచే తీరు హోమగుండం ఎదుట కూర్చున్న వారి తీరులా ఉండేది. ఆ వెడల్పాటి చక్రానికి బిగించిన చర్మాన్ని నిప్పులకు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా తిప్పుతూ, నడుమ నడుమ వేలితో ఒక్క దెబ్బ వేసి చెవి ఒగ్గి వినేది. చర్మం బిగిసి గంటలా పలికేదాకా ఎవరు పిలిచినా పలికేది కాదు. ఆ మౌనంలో ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి కూడా మెల్లగా తీసుకునే పిల్ల మెహ్రినిసో. సవ్రీ చెల్లెలు హంరో కూతురు. బుఖారాలో తల్లి అక్కచెల్లెళ్ళందరూ పిల్లలకు ఖోలాలే. తండ్రి రొట్టెల బట్టీ నడిపేవాడు. ఏడవ ఏట నుంచి ఆ పిల్ల బట్టీ సెగ విడిచి ఈ కుంపటి సెగకు అలవాటుపడింది.

సవ్రీ వృత్తి పాట. ఆడవాళ్ళు మాత్రమే కూర్చునే పెళ్ళి సభలలో, డోయ్‌రా పట్టుకుని పాడే సొజాందాలలో ఆమెది పెద్దపీట. వాళ్ళు పాడేది ఒక పాట కాదు, పాటల గొలుసు. దాన్ని బుఖార్చా అంటారు. మొదటి పాట ఏనుగు నడకలా మొదలవుతుంది. దాని కొస పూర్తికాక ముందే రెండవ పాట అందుకుంటుంది; లయ మారుతుంది, వేగం పెరుగుతుంది, చివరికి గది గదంతా చప్పట్లతో కదులుతుంది. మధ్యలో శ్వాసకు చోటుంది గాని విరామానికి చోటు లేదు. గొలుసు తెగితే ఆ పెళ్ళికూతురి కాపురం తెగుతుందని అక్కడివారి నమ్మకం. అందుకే మొదలుపెట్టే అధికారం శిష్యురాలికి ఇచ్చినా, ముగించే అధికారం ఉస్తోద్‌ది, అంటే గురువుది. ఆమె కుడి అరచేతిని పైకెత్తితేనే పాట ఆగాలి. అంతవరకు శిష్యురాలి గొంతు ఎండనీ, వేళ్ళు వాయనీ, పాట సాగవలసిందే.

ఇంకొక నియమం ఇంతకన్న గట్టిది. ఉస్తోద్ రెండు దోసిళ్ళు ఆకాశం వైపు చాచి, దైవవాక్యం చదివి, ఫోతిహా ఇచ్చేదాకా శిష్యురాలు ఆ పాటలను తన పేరు మీద పాడరాదు. ఆ ఆశీస్సు లేని గొంతు ఎంత తీయనిదైనా అది దొంగిలించిన తీపే.

మెహ్రినిసోకు పదకొండేళ్ళ వయసులో రెండవ గురువు దొరికింది. అది సినిమాహాలు వసారాలో. ఆట మొదలయ్యేలోపు జనం విసుగు చెందకుండా అక్కడ ఒక చిన్న వాద్యబృందం వాయించేది. ఆ బృందంలో పియానో ముందు కూర్చునే ఆవిడ ఎమ్మా కార్లోవ్నా. యుద్ధకాలంలో వోల్గా ఒడ్డున ఉన్న జర్మన్ పల్లెలను ఖాళీ చేయించినప్పుడు ఒక్క పెట్టెతో బుఖారా చేరిన మనిషి. ఆ రోజు గంట మోగింది, జనం హాలులోకి వెళ్ళిపోయారు. పిల్ల మాత్రం పియానో పక్కనే నిలబడిపోయింది.

"ఆట మొదలైంది. లోపలికి పో, మీ అమ్మ వెతుక్కుంటుంది" అంది ఎమ్మా కార్లోవ్నా.

"ఇంకొక్కసారి వాయించండి."

"ఏ పాట?"

"పాట కాదు. మీ ఎడమచెయ్యి."

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని ఆ పిల్లను తేరిపార చూసింది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె కుడిచేతిని మెచ్చినవారున్నారు. ఎడమచేతిని అడిగినవారు లేరు. తరువాత ఆమె వాయించినది జాజ్. ఎడమచెయ్యి పియానో మెట్ల మీద నింపాదిగా నడుస్తూ ఉంటే, కుడిచెయ్యి ఆ నడక మీద నుంచి జారుతూ, ఆలస్యంగా వస్తూ, ఒక్కొక్కసారి ముందే వచ్చి ఎదురుచూస్తూ ఆడుకుంది. పిల్ల ఒళ్ళు జలదరించింది. సవ్రీ ఖోలా డోయ్‌రా మీద చేసే పని కూడా అదే కదా! కాలాన్ని కొలిచి చూపిస్తూనే, ఆ కొలతకు లొంగకుండా పాడడం. సముద్రానికి అవతల, పేరు కూడా తెలియని మనుషులకు ఈ రహస్యం ఎవరు చెప్పారు? ఒకే నాదం రెండు నోళ్ళతో పలుకుతున్నదని ఆ పిల్లకు తోచింది. తోచినదాన్ని చెప్పడానికి మాటలు లేక ఏడ్చింది.

ఆ మరునాటి నుంచి ఉదయం పూట సినిమాహాలులో పాఠాలు. బుఖారా గాలి పొడిగాలి. చెక్క పగులుతుంది, తీగలు శ్రుతి తప్పుతాయి. అందుకని ఎమ్మా కార్లోవ్నా పియానో లోపల, అడుగున ఎప్పుడూ ఒక గిన్నెడు నీళ్ళు పెట్టేది. శిష్యురాలికి నేర్పిన మొదటి పాఠం ఆ గిన్నె నింపడమే.

సంగతి తెలిసినప్పుడు సవ్రీ కోప్పడలేదు. పెదవి విరిచింది, అంతే.

"అయితే ఆ పెట్టెను ఏ కుంపటి మీద కాస్తావే?"

"దాన్ని కాచకూడదు ఖోలా. నీళ్ళు పెట్టాలి."

"నీళ్ళు పెట్టేది గొడ్డుకి. పాటకి పెట్టేది నిప్పు." పక్కనున్న ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. సవ్రీ డోయ్‌రా అందుకుని, నవ్వు దాచుకుంటూ ఒక స్వరం పాడింది. బుఖార్చాలోని ఒక పాటలో, ఏడుపుకూ నవ్వుకూ నడుమ ఒణికే స్వరం అది. "ఏదీ, ఇది నీ పెట్టెలో ఎక్కడుందో వెతికి పట్రా. దొరికినప్పుడు చూద్దాం."

మెహ్రినిసో వెతికింది. ఆ స్వరం ఏ మెట్టు మీదా లేదు. రెండు మెట్ల నడుమ, చెక్కకూ చెక్కకూ మధ్యనున్న సన్నని చీకటిలో ఉంది. మూడేళ్ళు వెతికాక ఒక ఉదయం ఆ రెండు మెట్లనూ ఒకేసారి, నిద్రపోయే బిడ్డను తాకినంత మెత్తగా తాకింది. ఆ రెండు ధ్వనులూ ఒకదానితో ఒకటి రాసుకుని కంపిస్తుంటే, తన గొంతును సరిగా వాటి నడుమకు దించింది. స్వరం దొరికింది! ఎమ్మా కార్లోవ్నా కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇది నేను నేర్పలేదు" అని మాత్రం అనగలిగింది.

*

పదిహేడవ ఏట మెహ్రినిసో తాష్కెంట్ సంగీత కళాశాలలో చేరింది. అక్కడ మెట్ల మీద శాస్త్రం నేర్చింది, సభకు నమస్కరించడం నేర్చింది. పందొమ్మిదవ ఏట, సెలవులకు వచ్చినప్పుడు, ఊరి సంస్కృతి భవనంలో ఆమె కచేరీ పెట్టారు. మొదటి వరుసలో సవ్రీ ఖోలా కూర్చుంది. కుర్చీలో కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు; కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పైకి ముడుచుకుంది.

జాజ్ పాటలు కొన్ని అయ్యాక మెహ్రినిసో ఖోలా వైపు చూసి, బుఖార్చా అందుకుంది. ఎడమచేతిలో డోయ్‌రా లయ, కుడిచేతిలో జాజ్ పలుకులు, గొంతులో ఊరి భాష. మొదటి పాట కొస చేరేసరికి హాలు హోరెత్తింది. మెహ్రినిసో ఆ హోరుకు మురిసి, కళాశాలలో నేర్పినట్టు మెట్ల మీది నుంచి చేతులు తీసి, లేచి, తల వంచి నమస్కరించింది.

తల ఎత్తేసరికి ఖోలా కుర్చీ ఖాళీగా ఉంది.

పరుగున బయటికి వెళ్ళింది. సవ్రీ భవనం మెట్ల మీద నిలబడి తలగుడ్డ బిగించుకుంటోంది.

"ఏమైంది ఖోలా? నచ్చలేదా?"

"నేను చెయ్యి ఎత్తానా?"

మెహ్రినిసో తల అడ్డంగా ఊపింది.

"ఎత్తలేదు గదా. మరి ఎవరు ఆపమన్నారు? కుర్చీల్లో కూచున్న మగాళ్ళు చేతులు కొట్టారని ఆపేశావా? ఇదే పెళ్ళిలో అయితే ఆ పిల్ల గతేం కాను!" ఆమె గొంతు పెరగలేదు. "పాడు తల్లీ. నీ ఇష్టమొచ్చిన పాట పాడుకో. నావి మాత్రం పాడకు. ఫోతిహా అడగకు."

ఇది శత్రుత్వం కాదు. ఏటా వసంతంలో మెహ్రినిసో ఊరికి వచ్చినప్పుడు సవ్రీ ఆమెకు తన చేత్తోనే టీ పోసి ఇచ్చేది. నాన్ విరిచి పెద్ద ముక్క ఆమె ముందు పెట్టేది. పెళ్ళి ఎప్పుడని వేధించేది. పాట మాట వస్తే మాత్రం లేచి కోళ్ళకు గింజలు వేయడానికి వెళ్ళేది. పద్నాలుగు వసంతాలు అలా గడిచాయి.

ఆ పద్నాలుగేళ్ళలో మెహ్రినిసో పేరు తాష్కెంట్ దాటింది. హోటల్ భోజనశాలలో మొదలుపెట్టి పెద్ద బృందాల ముందు పాడింది. దుషాన్బేలో, బాకూలో, బాల్టిక్ తీరపు ఉత్సవాలలో, పియానో ముందు ఒంటరిగా కూర్చుని, మూడు భాషలలో జాజ్ పాడే ఈ బుఖారా స్త్రీని చూడడానికి జనం వరుస కట్టారు. ఆమె వేళ్ళ వేగాన్ని మెచ్చినవారున్నారు. గొంతులోని జీరను మెచ్చినవారున్నారు. ఆమెను ఆపి అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. "మీ ఊరి పాటలు ఎందుకు పాడరు?" ఆమె జవాబూ ఒకటే. "నాకు ఇంకా అనుమతి రాలేదు." విన్నవారు ప్రభుత్వం అనుమతి అనుకుని, సానుభూతితో గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఆమె సవరించేది కాదు. తపస్సు చేసేవారికి తమ వరం ఎవరి చేతిలో ఉన్నదో పదిమందికి చెప్పుకోవాలనిపించదు.

ముప్ఫై మూడవ ఏట తాష్కెంట్ రికార్డుల సంస్థ నుంచి పిలుపు వచ్చింది. బుఖార్చాను పియానో మీద, రికార్డు ఒక వైపంతా విరామం లేకుండా ఒకే గొలుసుగా ముద్రిస్తామన్నారు. నవ్‌రూజ్ పండుగలోపు ఔనో కాదో చెప్పమన్నారు. ఇన్నేళ్ళూ ఎవరూ రాయని చోట తన పేరు రాసుకునే అవకాశం అది. ఆమె రైలెక్కి బుఖారా వచ్చింది.

*

సవ్రీకి అప్పటికి డెబ్భై నాలుగేళ్ళు. ముంగిట్లో ఎండకు కూర్చుని ఎండు ఆప్రికాట్లు ఏరుతోంది. మెహ్రినిసో ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, రికార్డు మాట అంతా చెప్పింది. సవ్రీ లేచి కోళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. బహుశా మోకాళ్ళు సహకరించలేదు.

"నేను కాదంటే?"

"పాడను."

"వాళ్ళు ఇంకెవరిచేతనైనా పాడిస్తారు."

"పాడించుకోనీ."

"అబ్బో! మాట మాత్రం గట్టిగా ఉంది." సవ్రీ పుచ్చిన ఆప్రికాట్ ఒకదాన్ని కోళ్ళ వైపు విసిరింది. "ఆ పెట్టె ఇంకా అక్కడే ఉందా, సంస్కృతి భవనంలో?"

"ఉంది."

"రేపు పొద్దున ఆడవాళ్ళనందర్నీ రమ్మను. మగవాడు కనపడకూడదు. ఆ కుర్చీలన్నీ బయట పారేసి నేల మీద కుర్పచ పరుపులు పరిపించు. కూచునే పద్ధతిలో కూచుని వింటాను. ఆపకుండా పాడు. నా చెయ్యి లేవకముందే ఆపావంటే, తిరిగి మాట్లాడటానికి నా దగ్గరికి రాకు."

మరునాడు పొద్దున ఆ పేట స్త్రీలు నలభైమంది వచ్చి, కుర్చీలను ముంగిట్లో గుట్ట పోసి, ఇళ్ళనుంచి తెచ్చిన పరుపులు పరిచారు. సవ్రీ వచ్చి గుమ్మంలో నిలబడి పియానోను పరికించింది.

"అదేంటి, గోడకి మొహం పెట్టుకుని కూచుంటుందా? పాడేది మనకా, గోడకా? తిప్పండి దాన్ని!"

నలుగురు బలమైన స్త్రీలు భుజం ఆనించి తోశారు. అప్పుడే చేతికర్రతో వచ్చిన ఎమ్మా కార్లోవ్నా గావుకేక పెట్టింది. "మెల్లగా! మెల్లగా! దాని కాళ్ళు విరుగుతాయి!"

"నీకంటే గట్టివేలే దాని కాళ్ళు" అని ఒకామె అనేసరికి అందరూ నవ్వారు. లోపలి నీళ్ళగిన్నె ఒలికి ఒకామె పరుపు తడిసింది. ఆమె శాపనార్థాలు పెడుతూ పక్కకు జరిగింది.

ఇద్దరు గురువులూ ముఖాముఖి కలిసింది ఆ రోజే. సవ్రీ ఆమెను కిందనుంచి మీదికి చూసింది.

"నువ్వేనా నా పిల్లని పాడుచేసింది?"

"పాడుచేశానో బాగుచేశానో, ఇవాళ మీరే చెప్పండి."

"ఊఁ. కూచో. నేల మీద కూచోగలవా?"

"కూర్చోగలను. లేవడమే కష్టం."

"నాకూ అంతే. చివర్లో ఇద్దర్నీ కలిపి లేపుతార్లే."

మెహ్రినిసో దైవనామం తలచుకుని మెట్ల మీద చేతులు పెట్టింది.

మొదట ఎడమచేతి నడక ఒక్కటే. ఆ తరువాత గొంతు, అతి నెమ్మదిగా, నూతిలోకి చేద దించినట్టు. మొదటి పాట కొస రాకముందే రెండవది అందుకుంది, లయ మారింది, ఎవరో ఒక పెద్దావిడ తెలియకుండానే చప్పట్లు అందుకుంది. అవి మెచ్చుకోలు చప్పట్లు కావు, పాటకు వెన్నెముక వంటి చప్పట్లు. వాటి వెంట నలభై జతల చేతులు కదిలాయి. రెండు మెట్ల నడుమ ఒణికే ఆ స్వరం వచ్చినప్పుడు మెహ్రినిసో కన్నెత్తలేదు. కాని గదిలో ఒక్కసారి అందరి ఊపిరీ ఆగిన చప్పుడు ఆమెకు వినిపించింది. మూడవది, నాలుగవది, ఏడవది. చెమట కళ్ళలోకి జారింది. ఒక తీగ ఫెళ్ళున తెగింది. ఆ మెట్టు మూగబోయింది. ఆమె ఆ చోట పియానో చెక్క మీద గుప్పిటతో మోది, ఆ మోతనే లయలో కలుపుకుని సాగిపోయింది.

పన్నెండవ పాట గొలుసులో చివరిది. అది ముగింపుకు వచ్చింది. మెహ్రినిసో ఖోలా చేతివైపు చూసింది. ఆ చెయ్యి మోకాలి మీదనే ఉంది.

ఆపరాదు. మళ్ళీ మొదటి పాటకు పోరాదు; గొలుసు ముందుకే గాని వెనక్కు నడవదు. పాడడానికి పాట మిగలలేదు. ఆ క్షణంలో ఆమెకు కాళ్ళ కింద నేల లేనట్టు అనిపించింది. మరుక్షణం, సినిమాహాలు వసారాలో విన్న విద్య ఆమెను ఎత్తి పట్టుకుంది: లేని పాటను అప్పటికప్పుడు కనడం. మాటలు వదిలేసింది. వట్టి అచ్చులతో, ఆలాపనతో, ఖోలా నేర్పిన లయ మీద ఎవరూ నేర్పని స్వరాలు కట్టుకుంటూ పోయింది. ఎక్కడికి పోతున్నదో ఆమెకు తెలియదు. తన గొంతు తనది కానట్టు, తాను కేవలం ఒక తూము అయినట్టు, ఏదో మహాప్రవాహం పైనుంచి దిగి తన గుండా పోతున్నట్టు అనిపించింది. ఋషులు మంత్రాలను రాయలేదు, చూశారు అని పెద్దలు ఎందుకన్నారో, ఆ గదిలో ఉన్నవారికి ఆ మాట తెలియకపోయినా, దాని అర్థం తెలిసింది. చప్పట్లు కొడుతున్న స్త్రీలలో కొందరు ఏడుస్తున్నారు. ఎవరి చేతులూ ఆగలేదు.

చాలాసేపు గడిచింది. వేళ్ళ కొసలలో స్పర్శ పోయింది. చెయ్యి ఇంకా లేవలేదు. పరీక్ష ఇంత క్రూరంగా ఉంటుందా అనుకుంటూ మెహ్రినిసో చివరిసారి ఖోలా ముఖం వైపు చూసింది.

సవ్రీ ఆమెను చూడడం లేదు. కళ్ళు మూసుకుని ఉంది. చిన్నపిల్ల కథ వింటున్నట్టు నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. పక్కన ఎమ్మా కార్లోవ్నా ఆమె చెవిలో గుసగుసగా బ్రతిమాలుతోంది: "చెయ్యి ఎత్తండమ్మా, పిల్ల వేళ్ళు పడిపోతాయి." సవ్రీ కళ్ళు తెరవకుండానే కసిరింది: "ఉండవే! తర్వాత ఏమొస్తుందో విననీ!"

ఆ మాట పియానో దాకా వినిపించింది. ఇది పరీక్ష కాదని అప్పుడు మెహ్రినిసోకు తెలిసింది. నలభై ఏళ్ళు ఇతరుల పాటలను ముగించిన మనిషికి ఈ పాట ముగియడం ఇష్టం లేదు. ఆ ఎరుకతో ఆమె నొప్పి ఏమైందో! గొంతు ఇంకొక మెట్టు పైకి లేచింది. ఇక లేచేందుకు మెట్టు లేని చోట నిలిచి, గాలిలో దీపంలా ఒణికింది.

అప్పుడు సవ్రీ కుడి అరచెయ్యి పైకి లేచింది.

పాట ఆగింది. ఎవరూ మెచ్చుకోలుగా చేతులు కొట్టలేదు. ఇద్దరు స్త్రీలు సవ్రీని చెరొక భుజం పట్టి లేపారు. ఆమె నడిచి వచ్చి పియానో ముందు నిలబడింది.

"పద్నాలుగేళ్ళు నన్ను ఇది విననీకుండా చేశావు కదే" అంది.

"నువ్వే కదా ఖోలా పాడొద్దన్నది!"

"నేనంటే? ఒక్కసారైనా గుమ్మంలో కూచుని మొండికెయ్యొద్దూ? నీ తల్లి అయితే వేసేది." దగ్గి సర్దుకుంది. "సరే, దోసిలి పట్టు."

మెహ్రినిసో చేతులు చాచింది. వేళ్ళు కొంకర్లు పోయి, గుప్పిళ్ళు గుప్పిళ్ళుగానే ఉన్నాయి; ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు. సిగ్గుతో ఆమె తల వంచుకుంది. సవ్రీ ఆ గుప్పిళ్ళను తన చేతులలోకి తీసుకుని, ముడుచుకున్న వేళ్ళను చిటికెనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటిగా, తొందర లేకుండా విప్పసాగింది. పదవ వేలు విచ్చుకున్నాక దైవవాక్యం చదవడం మొదలుపెట్టింది.